హాకీ యాట – వివాదములు – మర్యాద

ఆట ముగిసినట్లు అంపైరు ఈల యూదిన తోడనే మరియొక యాట మొదలగును. ఈ రెండవ యాటకు మైదానముతో పని లేదు, కఱ్ఱతో పని లేదు, బంతితో పని లేదు. ప్రేక్షకులే యాటగాండ్రు, నాలుకయే కఱ్ఱ. సంతకు బోవు త్రోవలోను, బస్సు నిలుచు చోట టీకొట్టు బల్లపైనను, వసతిగృహపు వసారాలోను, రాత్రి భోజనపంక్తిలోను ఈ యాట సాగుచునే యుండును. "అది గోలా, కాదా?" "ఆ యెఱ్ఱకార్డు న్యాయమా?" "ఆ అంపైరునకు కన్నులున్నవా?" అని ప్రశ్నలు బయలుదేరును. మొదటి యాటకు నియమగ్రంథము కలదు, రెండవదానికి లేదు. అందుచేతనే మొదటి యాటలో కంటె రెండవ యాటలో గాయములెక్కువ. కావున హాకీలోని కొన్ని ప్రసిద్ధ వివాదములను వివరించి, వానిని గూర్చి మర్యాద తప్పక వాదించు పద్ధతి యెట్టిదో మా విద్యార్థులకును, వారి తల్లిదండ్రులకును తెలుపుట ఈ వ్యాసము నుద్దేశము.

హాకీ పట్టణవాసుల యాటయనియు, అడవియంచున నుండు మనకు దానితో నేమి పనియనియు కొందఱు తలంతురు. ఆ తలంపు సరికాదు. బ్రిటిషు సైనికులు ఈ యాటను మన దేశమునకు గొనివచ్చిన పిదప సైనిక శిబిరములనుండి ఇది కళాశాలలకును, మిషను పాఠశాలలకును వ్యాపించెను. 1928వ సంవత్సరమున ఆమ్‌స్టర్‌డాము ఒలింపిక్ క్రీడలలో మన దేశపు హాకీ జట్టు తొలిసారి స్వర్ణపతకము గెలిచినపుడు ఆ జట్టునకు నాయకుడుగా నేర్పడినవాడు జైపాల్ సింగు. ఆయన ముండా తెగవాడు. రాంచీలో మిషను పాఠశాలయందు చదివి, ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయమునకు వెళ్లినవాడు. తరువాతి కాలమున రాజ్యాంగ సభలో ఆదివాసుల పక్షమున గొంతెత్తినవాడు. నేటికిని సిమ్డేగా, సుందర్‌గఢ్ ప్రాంతముల యడవిపల్లెలలో హాకీ యనిన ప్రాణము. గెలిచిన జట్టునకు మేకపోతును బహుమాన మిచ్చు గ్రామపోటీలు అచట ప్రసిద్ధములు. మన తెలుగువారిలో హైదరాబాదు వాడగు ముకేశ్ కుమార్ 1992, 1996, 2000 సంవత్సరములలో మూడు ఒలింపిక్ క్రీడలందు ఆడెను. చిత్తూరు జిల్లాలో నొక పల్లెటూర బుట్టిన ఏతిమరపు రజని భారత మహిళల జట్టున గోలు కాచెను. అట్లగుటచే గోదావరి యొడ్డునను, కిన్నెరసాని యొడ్డునను పెరుగు పిల్లలకు ఈ యాట దూరమైనది కాదు. దానితో గూడ వచ్చు వాదములును దూరమైనవి కావు.

వాదించుటకు ముందు నియమము తెలియవలెను. హాకీ మైదానము పొడవు 91.40 మీటర్లు, వెడల్పు 55 మీటర్లు. ఇంత నేలను కనిపెట్టుట కిద్దఱే అంపైర్లు. ఒక్కొక్కరు ముఖ్యముగా తమ సగభాగమును చూచుకొందురు. గోలు ముందు 14.63 మీటర్ల దూరమున నొక వలయపు గీత యుండును. దాడిచేయు జట్టువాడు ఆ వలయములోపల బంతిని కఱ్ఱతో తాకింపవలెను. పిదప బంతి వలయము వెలుపలికి పోకుండ గోలుగీతను పూర్తిగా దాటవలెను. అప్పుడే గోలు. గీతపై నిలిచిన బంతి గోలు కాదు. ముక్కాలు భాగము దాటిన బంతియు గోలు కాదు. తప్పు చేసినవానికి మూడు విధముల కార్డులు గలవు. ఆకుపచ్చ కార్డు పొందినవాడు రెండు నిమిషములు వెలుపల నుండవలెను. పసుపుపచ్చ కార్డునకు కనీసము అయిదు నిమిషములు. ఎఱ్ఱకార్డు పొందినవానికి ఆనాటి యాట ముగిసినట్లే. అతని బదులు మరియొకడు రారాదు. మరియొక నియమము మా దృష్టిలో మిక్కిలి విలువైనది. జట్టులోని యాటగాండ్రందఱి ప్రవర్తనకు ఆ జట్టు నాయకుడు బాధ్యుడు.

ఇచట మా తప్పొకటి చెప్పుకొనుట న్యాయము. కొన్ని వత్సరముల క్రిందట గోదావరి యొడ్డున నొక గ్రామమున మా పిల్లల జట్టు ఆడుచుండగా మేము గీత వెలుపల నిలిచి చూచుచుంటిమి. ఆట ముగియవచ్చినది, రెండు జట్లును సమానముగా నున్నవి. మావాడు కొట్టిన బంతి గోలుకంబముల నడుమ ధూళిలో గీతపై నిలిచిపోయెను. మేము చేతులెత్తి "గోలు, గోలు" అని కేకలు వేసితిమి. అంపైరుగా నున్న తోటి యుపాధ్యాయుడు తల యడ్డముగా నూపెను. అంతట పెద్దవారమను మాట మఱచి, పిల్లలు వినుచుండగనే, ఆయన పక్షపాతి యని యంటిమి. మమ్ము చూచి పిల్లలు మఱి రెండు మాటలు కలిపిరి. ఆనాటి రాత్రి నియమగ్రంథము తెఱచి చూడగా "పూర్తిగా" అను నొక్కమాట మమ్ము సిగ్గుపఱచినది. ఆయన నిర్ణయమే సరియైనది. అయినను వెంటనే వెళ్లి క్షమింపుమని యడుగలేదు. ఆయన సంతలో నెదురుపడినపుడు తల త్రిప్పుకొంటిమి. మరుసటి నెల పోటీ పెట్టబూనగా ఆయన ఈల పట్టుటకు రాలేదు; రెండవ అంపైరు దొరకక పోటీ నిలిచిపోయినది. మా నాలుక చేసిన తప్పునకు పిల్లల యాట పోయినది. తరువాత వారి యింటికి బోయి తప్పొప్పుకొంటిమి. ఆయన నవ్వి మంచినీళ్లిచ్చెను. మఱునాడు ఈల చేతబట్టి వచ్చెను. కాలు జారినఁ దీసికొనవచ్చును గాని నోరు జారినఁ దీసికొనలేమను సామెత మాకు నాడు బాగుగ బోధపడినది.

ఈ యనుభవమువలన మేము నేర్చుకొన్న దేమనగా, ఆటను గూర్చిన ప్రతి వివాదములోను మూడు వేర్వేఱు ప్రశ్నలుండును. మొదటిది: ఏమి జరిగినది? రెండవది: నియమ మేమి చెప్పుచున్నది? మూడవది: ఫలితము న్యాయమైనదా? మొదటి ప్రశ్నకు దగ్గఱనుండి చూచినవాని కన్ను సాక్ష్యము. రెండవదానికి గ్రంథము సాక్ష్యము. మూడవదానికి మాత్రమే మన యభిప్రాయమునకు చోటు గలదు. మనము తఱచుగా మూడవ ప్రశ్నకు మన మనస్సు చెప్పిన జవాబును ముందుగా బట్టుకొని, దానికి తగినట్లు మొదటి రెండింటిని దిద్దుకొందుము. తగవులు పుట్టుచోటు ఇదియే. కొన్ని ప్రసిద్ధమైన యాటలను ఈ మూడు ప్రశ్నలతో పరిశీలింతము.

1975వ సంవత్సరము మార్చి 15వ తేదీన కౌలాలంపూరులో ప్రపంచకప్పు చివరి యాట భారత, పాకిస్తాను జట్ల నడుమ జరిగెను. ధ్యాన్‌చందు కుమారుడగు అశోక్ కుమార్ కొట్టిన బంతి గోలులోపలి మూలన తగిలి వెలుపలికి దూకెను. అది గోలని అంపైరు చెప్పెను. కాదని పాకిస్తాను ఆటగాండ్రు వాదించిరి. మన జట్టు 2–1 గోళ్లతో గెలిచెను. ఇచట వివాదము మొదటి ప్రశ్నకు సంబంధించినది మాత్రమే. నియమమును గూర్చి యెవరికిని సందేహము లేదు. అంపైరు చూచి చెప్పెను; ఆట ముగిసెను. మనము గెలిచితిమి గావున ఈ నిర్ణయము మనకు సులభముగ సమ్మతమగును. ఆ బంతియే మన గోలున పడియుండినచో ఇట్లే యొప్పుకొందుమా యని ప్రతి విద్యార్థియు తన్ను తాను ప్రశ్నించుకొనవలెను.

రెండవది 2022వ సంవత్సరము ఆగస్టు మాసమున బర్మింగ్‌హాములో కామన్‌వెల్తు క్రీడలందు జరిగినది. మహిళల యర్ధాంతిమ పోటీలో మన జట్టును, ఆస్ట్రేలియా జట్టును 1–1 సమానముగా నిలువగా షూటౌటు పెట్టబడెను. ఇందు ఆటగత్తె గోలుకీపరునకు ఒంటరిగా నెదురై ఎనిమిది సెకండ్లలో గోలు చేయవలెను. ఆస్ట్రేలియావారి మొదటి ప్రయత్నమును మన గోలుకీపరు సవిత అడ్డగించెను. అయితే గడియారము నడువలేదని చెప్పి దానిని మరల చేయించిరి, ఈసారి గోలయ్యెను. షూటౌటులో మనవారు 0–3 తేడాతో నోడిరి. ఇచట ఏమి జరిగినదో అందఱికిని తెలియును; తప్పు ఆటగత్తెలది కాదు, గడియారము చూచువారిది. అంతర్జాతీయ హాకీ సంస్థయే జరిగినదానికి క్షమాపణ చెప్పినది. మన బాలికలు దుఃఖించిరి గాని కఱ్ఱలు పాఱవేసి పోలేదు. తరువాతి యాటలో న్యూజిలాండును షూటౌటులో గెలిచి కాంస్యపతకము తెచ్చిరి.

మూడవది 2024వ సంవత్సరము ఆగస్టు 4వ తేదీన పారిసు ఒలింపిక్ క్రీడలలోనిది. బ్రిటనుతో ఆడుచుండగా పదునేడవ నిమిషమున, సుందర్‌గఢ్ జిల్లావాడగు అమిత్ రోహిదాసు కఱ్ఱ ఎదిరి యాటగాని తలకు తగిలెను. వీడియో చూచి ఎఱ్ఱకార్డు చూపిరి. అతడు కావలయునని కొట్టెనా, పరుగులో తగిలెనా యనుటయే అభిమానుల వాదము. ఇది కన్నులతో తేలు ప్రశ్న కాదు. మనిషి మనసును గూర్చిన ప్రశ్న. కావున ఇరుపక్షములవారు నిజాయితీతోనే భిన్నముగ తలంపవచ్చును. మన జట్టు మిగిలిన నలువది నిమిషములకు పైగా పదిమందితో ఆడి, 1–1 సమానముగా నిలిచి, షూటౌటులో 4–2 తేడాతో గెలిచెను. పిమ్మట హాకీ ఇండియా సంస్థ అంపైరింగును గూర్చిన తన యభ్యంతరములను తగిన యధికారులకు తెలియజేసెను. రోహిదాసునకు మరియొక యాట నిషేధము తప్పలేదు. అర్ధాంతిమమున జర్మనీతో మనవారు 2–3 తేడాతో నోడిరి. తుదకు స్పెయినును 2–1 తేడాతో గెలిచి కాంస్యము పొందిరి. మైదానమున ఆట, కాగితముపై ఫిర్యాదు: ఈ రెండింటిని వేఱు వేఱుగ నుంచుటయే మర్యాద.

దీనికి విరుద్ధమైన యుదాహరణము 1972వ సంవత్సరమున మ్యూనికులో జరిగినది. చివరి యాటలో పశ్చిమ జర్మనీకి 0–1 తేడాతో నోడిన పాకిస్తానువారు అంపైర్లు తమకు అన్యాయము చేసిరని భావించిరి. అంత కోపముతో వారి పక్షమువారు అంతర్జాతీయ హాకీ సంస్థ అధ్యక్షునిపై నీళ్లు పోసిరి. పతకములిచ్చు సమయమున ఆటగాండ్రు గెలిచినవారి జాతీయగీతమునకు మర్యాద చూపలేదు. పదునొకండుగురు ఆటగాండ్రకు జీవితకాలపు నిషేధము విధింపబడెను. అది తరువాత సడలింపబడినది. వారి ఫిర్యాదులో న్యాయమెంత యుండెనో నేడు విచారించువారు తక్కువ. నీళ్లు పోసిన సంగతి మాత్రము మఱువబడలేదు. మంచి ఫిర్యాదును చెడు ప్రవర్తన పాతిపెట్టునని దీనివలన గ్రహింపవలెను.

పెద్ద పోటీలలో నేడు మరియొక యేర్పాటు గలదు. నిర్ణయముపై సందేహము గలిగినచో ప్రతి జట్టును వీడియో అంపైరు నడుగవచ్చును; అయితే ఆ యవకాశ మొక్కటియే. అడిగినది సరియైనచో అది నిలుచును, సరికానిచో పోవును. ఊరకే సందేహించువాడు నిజముగ సందేహింపవలసిన వేళకు నోరులేనివాడగును. మన సంభాషణమునకును ఈ నియమము పెట్టుకొన్నచో ఎంత మేలు! ప్రతి చిన్న విషయమునకు "అన్యాయము" అని యరచు బాలుని మాటను, నిజముగ అన్యాయము జరిగిననాడు వినువారుండరు.

ఈ మర్యాద మైదానమునకే పరిమితమైనది కాదు. బస్సునొద్ద వరుసలో నిలుచునపుడు, కుళాయికడ బిందె పెట్టునపుడు, భోజనపంక్తిలో కూర వడ్డించునపుడు "నేను ముందు, నీవు వెనుక" యని తగవు వచ్చుచుండును. అచటను ఏమి జరిగినది, కట్టుబాటేమి, న్యాయమేమి యని మూడు ప్రశ్నలే. ఎదుటివాని మాట ముగియనిచ్చి మాటలాడవలెను. పనిని తప్పుపట్టవచ్చును గాని మనిషిని, అతని కులమును, ఊరిని, తెగను, తల్లిదండ్రులను తీసికొనిరారాదు. గెలిచినవాడు ఓడినవానిని వెక్కిరింపరాదు. ఓడినవాడు ఆడలేక మద్దెల యోడన్నట్లు అంపైరుపై నెపము వేయరాదు. ఇంటికడ తండ్రి తీర్పులు చెప్పువారిని నిత్యము తిట్టుచుండ, కుమారుడు మైదానమున అంపైరును గౌరవించుట యెట్లు? కావున తల్లిదండ్రులకును మా విన్నపము: గీత వెలుపల నిలిచినపుడు మీ పిల్లలు ఆటతోబాటు మిమ్మును గూడ చూచుచుందురు.

మన పల్లెలలో అంపైరునకు జీతము లేదు. ఆయన యొక యుపాధ్యాయుడో, పెద్దతరగతి విద్యార్థియో, సెలవునకు వచ్చిన యన్నయో యగును. ఎండలో గంటసేపు పరుగెత్తి, ఇరుపక్షముల నడుమ నిలిచి, తనకు కనబడినది చెప్పుటయే ఆయన చేయు సేవ. ఆయన ఈల క్రింద పెట్టినచో ఆట యుండదు, గెలుపుండదు, మన వాదమునకును చోటుండదు. వాదింపవద్దని మేము చెప్పుట లేదు. వాదము లేని యాట ఉప్పు లేని కూర. నోరు మంచిదైన ఊరు మంచిదన్నారు. వచ్చు పోటీలలో ఆట ముగిసిన పిదప మా విద్యార్థులు ముందుగా అంపైరు కడకు బోయి నమస్కరించి, ఎదిరి జట్టువారి చేయి పట్టుకొని, పిమ్మట తమ యిష్టము వచ్చినంతసేపు "అది గోలా, కాదా" యని వాదించుకొందురని ఆశించుచున్నాము.