నీటిరంగుల్లో పట్నం వీధి

తుమ్మజాతి చెట్ల జిగురుతో కలిపిన రంగును నీళ్లతో పలచన చేసి కాగితం మీద వేస్తే అది నీటిరంగు చిత్రం. రంగు పారదర్శకం కాబట్టి ముదురు మీద లేత నిలవదు. ముందు లేత, తర్వాత ముదురు వేయాలి. తెల్లరంగు పూయకుండా కాగితపు తెలుపునే వెలుగుగా వదలడం పాత పద్ధతి.

18వ శతాబ్దపు ఇంగ్లండులో వీధుల బొమ్మలు ఎక్కువగా ఆ స్థలం ఎలా ఉందో నమోదు చేసేందుకే వేసేవారు. గీతలు గీసి, బూడిదరంగుతో నీడలు దిద్ది, ఆపైన లేత రంగులు అద్దేవారు. ఆంగ్ల చిత్రకారుడు థామస్ గిర్టిన్ ఆ బూడిద పూత మానేసి, నేరుగా రంగులతోనే వెలుగునీడలు తెచ్చాడు. 1802లో 27 ఏళ్ల వయసులో చనిపోయేలోపే పారిస్ వీధులనూ చిత్రించాడు. 1780లలో రీవ్స్ సోదరులు రంగుబిళ్లలు తేవడంతో చిత్రకారులు పెట్టె పట్టుకుని ఆరుబయటకు వెళ్లడం తేలికైంది.

అదే కాలంలో కలకత్తా వీధులను మరో ఆంగ్ల చిత్రకారుడు థామస్ డేనియల్ 1786-88 మధ్య 12 అచ్చుచిత్రాలుగా తెచ్చి, వాటికి నీటిరంగులు వేయించాడు. అప్పట్లో వాటిలో పాతవి పల్లకీలు, ఎడ్లబండ్లు. కొత్తవి స్తంభాల తెల్లభవనాలు. నేడు ఆ కోవ భవనాలే వారసత్వ కట్టడాల జాబితాలకు ఎక్కుతున్నాయి.

నేటి చిత్రకారుడికి ఆ కొత్తదనం కరెంటు తీగలు, ఆటోలు, హోర్డింగుల రూపంలో ఎదురవుతుంది. పుణె చిత్రకారుడు మిలింద్ ముళీక్ లాంటివారు ఈనాటి వీధులనూ పాత పారదర్శక పద్ధతిలోనే వేస్తారు. ఆకాశం తడిగా ఉండగానే దూరపు మేడలను అందులో కలిపేస్తే మసక దూరం వస్తుంది. తీగను మాత్రం పూత పూర్తిగా ఆరాకే, సన్నని పొడవాటి కుంచెతో ఒక్క విసురులో లాగాలి. తొందరపడితే రంగు పాకి తీగ మచ్చవుతుంది. స్కూటర్ హెడ్‌లైటు మెరుపు కోసం కాగితాన్ని చుక్కంత ఖాళీగా వదిలితే చాలు.

తీగలన్నీ తీసేస్తే వీధి పాతకాలపు పోస్టుకార్డులా తేలిపోతుంది. అన్నీ వేస్తే కాగితం నిండి వెలుగుకు చోటుండదు. అందుకే రెండు మూడు తీగలు, ఒకటి రెండు బండ్లు ఉంచి మిగతావాటిని నీడలో కలిపేస్తారు. పద్ధతి పాతదైనా, ఏది ఉంచాలో ఏది వదలాలో ఈనాటి వీధిని చూసే తేల్చుకోవాలి.