పిల్లల కిడ్నీ సైజు ఎంత ఉండాలి?



మాచర్ల, గురజాల ప్రాంతాల నుండి నరసరావుపేట వచ్చి బిడ్డకు స్కానింగ్ తీయించిన వారు ముందుగా చూసేది రిపోర్టులోని అంకెలనే. "పెద్దవాళ్ళకు పది సెంటీమీటర్లట, మా బాబుకు ఎనిమిదే ఉంది. కిడ్నీ కుంచించుకుపోయిందా సిస్టర్?" అని కంగారు పడుతుంటారు. ఐదేళ్ళ బిడ్డకు 8 సెంటీమీటర్లు సరైన సైజే.

బిడ్డతో పాటు కిడ్నీ కూడా పెరుగుతుంది. దాని పొడవు సుమారుగా ఇలా ఉంటుంది:

- పుట్టినప్పుడు: 4.5 నుండి 5 సెం.మీ.
- ఏడాదికి: 6 నుండి 6.5 సెం.మీ.
- ఐదేళ్ళకు: 8 సెం.మీ.
- పదేళ్ళకు: 9 సెం.మీ.
- పెద్దలకు: 10 నుండి 11 సెం.మీ.

జబ్బు లేని పిల్లలకు స్కానింగ్ చేసి, వయస్సు వారీగా ఇలాంటి పట్టికలు తయారు చేశారు. 1984లో అమెరికాలో ప్రచురించిన పట్టిక బాగా వాడుకలోకి వచ్చింది. ఒకే వయస్సు పిల్లలందరూ ఒకే ఎత్తు ఉండరు. కాబట్టి అర సెంటీమీటరు అటూ ఇటూ ఉంటే భయపడనక్కరలేదు. డాక్టరుగారు బిడ్డ ఎత్తు, బరువు కూడా చూసి చెబుతారు. ఎడమ కిడ్నీ కుడిదానికన్నా కొంచెం పొడవుగా ఉండడం సహజం.

ఎప్పుడు జాగ్రత్త పడాలి?

రెండు కిడ్నీల మధ్య తేడా ఒక సెంటీమీటరు దాటినా, కిడ్నీలో నీరు నిలిచి ఉబ్బినా, బిడ్డ ఎదుగుతున్నా కిడ్నీ పెరగకపోయినా తప్పక చూపించాలి. మూత్రంలో ఇన్ఫెక్షన్ పదే పదే వస్తే కిడ్నీకి మచ్చలు పడి అది చిన్నదవుతుంది. ఒక కిడ్నీ పని చేయకపోతే రెండవది ఆ భారం మోస్తూ పెద్దదవుతుంది. సైజు బాగున్నంత మాత్రాన పని కూడా బాగుందని అనుకోకూడదు. అందుకే మూత్ర పరీక్ష, రక్తంలో క్రియాటినిన్ పరీక్ష, బి.పి. కూడా చూస్తారు.

మీరు చేయవలసినవి

గర్భంలో ఉండగానే బిడ్డ కిడ్నీ ఉబ్బిందని చెప్పి ఉంటే, కాన్పు తరువాత డాక్టరు చెప్పిన రోజున మళ్ళీ స్కానింగ్ చేయించండి. బిడ్డ పాలు బాగా తాగుతున్నాడు కదా అని మానవద్దు. జలుబు, దగ్గు లేకుండా జ్వరం వచ్చినా, మూత్రం మంటగా లేదా చుక్కలు చుక్కలుగా వచ్చినా, ఉదయం లేవగానే ముఖం ఉబ్బినా ఆలస్యం చేయవద్దు. ఈ స్కానింగ్‌లో సూది లేదు, నొప్పి లేదు, ఎక్స్‌రే కిరణాలు లేవు.

పాత రిపోర్టులు పారవేయకండి. వచ్చేటప్పుడు తప్పక తీసుకురండి. నిరుటి కొలత పక్కన ఈ ఏటి కొలత పెట్టి చూస్తేనే కిడ్నీ ఎదుగుదల తెలుస్తుంది.

దేవుడు మీ బిడ్డలను కాపాడును గాక.