ఓడ... చచ్చినా వెయ్యే!

పోటు మీదున్న సముద్రంలోంచి ఓ పాత ఓడ జోరుగా దూసుకొచ్చి బురద ఒడ్డుకెక్కేస్తుంది. ప్రమాదమేం కాదు, కావాలనే! గుజరాత్‌లోని అలంగ్ తీరంలో 1983 నుంచీ జరుగుతున్న తంతే ఇది. నీరు వెనక్కి తగ్గగానే గ్యాస్ కట్టర్లతో కోత మొదలు. ప్రపంచంలోకెల్లా పొడవైన ఓడ, 458 మీటర్ల 'సీవైజ్ జెయింట్' కూడా 2010లో ఇక్కడే ముక్కలైంది.

ఓడ బరువులో ఎక్కువ భాగం ఉక్కే. చాలా పలకల్ని కరిగించే పనే లేదు. రోలింగ్ మిల్లులో వేడిచేసి సాగదీస్తే ఇంటి స్లాబుకి పనికొచ్చే చువ్వలైపోతాయి. బొగ్గూ ఆదా, ఖనిజమూ ఆదా. ఇక మంచాలు, సోఫాలు, వంటపాత్రలు, ఆఖరికి కప్పులూ సాసర్లూ... అలంగ్ దారి పొడవునా దుకాణాల్లో బేరానికి సిద్ధం!

ఇంత పొదుపు వెనక ప్రాణాలూ పోయాయి. పాత ఓడల్లో ఆస్‌బెస్టాస్ ఉంటుంది. ట్యాంకుల్లో మిగిలిన చమురు ఆవిరికి నిప్పంటుకుంటుంది. బలయ్యేది ఒడిశా, బిహార్‌ల్లాంటి చోట్ల నుంచి వచ్చిన కూలీలే. దీన్ని ఆపడానికి 2009లో కుదిరిన హాంకాంగ్ ఒప్పందం, 2025 జూన్ 26న గానీ అమల్లోకి రాలేదు. పదహారేళ్లు! దాని ప్రకారం కొత్త ఓడ కట్టేటప్పుడే ఏ మూల ఏ ప్రమాదకర పదార్థం వాడారో జాబితా రాసిపెట్టాలి. ఆ కాగితం ఓడతోపాటే దేశాలన్నీ తిరిగి, చివరికి దాన్ని కోసేవాళ్ల దగ్గరికి చేరాలి.