గృహ కంప్యూటరులో ప్రాసెసరు, మదర్‌బోర్డుల పొందిక

ఇంటి అవసరాలకు కంప్యూటరు కొనదలచిన ప్రతివారికీ ప్రత్యేకమైన గ్రాఫిక్స్ కార్డు అక్కరలేదు. పాఠాలు వినుటకు, వ్యాసాలు వ్రాసుకొనుటకు, చలనచిత్రాలు చూచుటకు ప్రాసెసరులో అంతర్భాగమైన గ్రాఫిక్స్ చాలును. అయితే ఈ సౌకర్యం దక్కాలంటే ప్రాసెసరు, మదర్‌బోర్డు ఒకదానికొకటి తగినవై ఉండాలి. ఈ సంగతి తెలియక మా ఇంట జరిగిన పొరపాటే ఈ వ్యాసానికి ప్రేరణ.

మా ఆపా కుట్టుపని చేసి కూడబెట్టిన సొమ్ముతో విడిభాగాలు కొని కంప్యూటరు కూర్చుకొన్నాము. ధర కొంత తక్కువని ఇంటెల్ కోర్ ఐ5-12400ఎఫ్ ప్రాసెసరును నేనే ఎంచుకొన్నాను. మీట నొక్కగానే పంకా తిరిగింది, దీపం వెలిగింది. తెర మాత్రం చీకటిగానే ఉండిపోయింది. మదర్‌బోర్డుకు హెచ్‌డిఎంఐ పోర్టు ఉన్నది గదా, బొమ్మ ఎందుకు రాదని తెల్లబోయాను. లోపం బోర్డులో లేదు. పేరు చివర ‘ఎఫ్’ అక్షరమున్న ఇంటెల్ డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో గ్రాఫిక్స్ పనిచేయదు. ఎఫ్ లేని 12400లో యుహెచ్‌డి 730 గ్రాఫిక్స్ ఉన్నది.

నా భ్రమకు కారణం లేకపోలేదు. పూర్వం బొమ్మను రూపొందించే భాగం మదర్‌బోర్డు మీది చిప్‌సెట్‌లోనే ఉండేది. 1999లో వచ్చిన ఇంటెల్ 810 చిప్‌సెట్ అట్టిదే. 2010లో ఇంటెల్ ఆ భాగాన్ని ప్రాసెసరు తొడుగులోనికి చేర్చింది. 2011లో శాండీబ్రిడ్జ్ తరంతో రెండింటినీ ఒకే సిలికాన్ పలక మీదికి తెచ్చింది. కావున నేడు బోర్డు మీది పోర్టు కేవలం దారి మాత్రమే. నూతిలో నీరు లేనప్పుడు గిలక ఏమి చేయగలదు? దారి లేకున్నా చిక్కే. 2011 నాటి పి67 చిప్‌సెట్ బోర్డులలో, ప్రాసెసరుకు గ్రాఫిక్స్ ఉన్నా దానిని వాడుకొనే వీలు లేదు. ఆనాటి హెచ్67 బోర్డులలో ఆ వీలు కల్పించారు.

ఎఎండి వారి పద్ధతి వేరు. ఎఎం4 సాకెట్‌కు చెందిన రైజెన్ 5 5600లో గ్రాఫిక్స్ లేదు, 5600జిలో ఉన్నది. ఎఎం5 సాకెట్‌కు చెందిన రైజెన్ 5 7600లో జి అక్షరం లేకున్నా సామాన్యావసరాలకు చాలిన గ్రాఫిక్స్ ఉన్నది, 7500ఎఫ్‌లో లేదు.

ఇక పొందికలో గమనింపదగినవి నాలుగు.

మొదటిది సాకెట్. ఇంటెల్ 12, 13, 14 తరాల డెస్క్‌టాప్ ప్రాసెసర్లకు ఎల్‌జిఎ 1700 సాకెట్ కావాలి.

రెండవది చిప్‌సెట్. సాకెట్ ఒకటే అయినంత మాత్రాన సరిపోదు. ఇంటెల్ 7వ తరానికీ, 8వ తరానికీ ఎల్‌జిఎ 1151 అనే పేరే ఉన్నా, 200 శ్రేణి బోర్డుపై 8వ తరం ప్రాసెసరు పనిచేయదు. దానికి 300 శ్రేణి బోర్డు కావలసిందే.

మూడవది బయాస్. 2018లో వచ్చిన బి450 బోర్డుకు 2021 నాటి 5600జి పరిచయం లేదు. అట్టి బోర్డుకు ముందుగా కొత్త బయాస్ ఎక్కించాలి.

నాల్గవది మెమరీ. ఎఎం5 బోర్డులు డిడిఆర్5 మాత్రమే స్వీకరిస్తాయి. ఎల్‌జిఎ 1700 బోర్డులలో కొన్ని డిడిఆర్4కు, కొన్ని డిడిఆర్5కు నిర్మించినవి. అంతర్గత గ్రాఫిక్స్‌కు సొంత మెమరీ ఉండదు, కంప్యూటరు మెమరీనే పంచుకొంటుంది. డిడిఆర్4-3200 పలక ఒక్కటే ఉంటే సెకనుకు గరిష్ఠంగా 25.6 గిగాబైట్లు ప్రవహిస్తాయి. రెండు పలకలను రెండు ఛానెళ్ళలో అమర్చితే 51.2 గిగాబైట్లు. అందుచేత 16 గిగాబైట్ల పలక ఒకటి కంటె 8 గిగాబైట్లవి రెండు మేలు.

చివరకు మేము వాడిన గ్రాఫిక్స్ కార్డు ఒకటి కొని తగిలించుకొన్నాము. ఆదా చేశాననుకొన్న దానికి మించి ఖర్చయింది. ఆపా నన్ను ఒక్క మాట కూడా అనలేదు. ఆ మౌనమే నన్ను ఎక్కువ బాధించింది.

విద్యార్థి మిత్రులారా! ప్రాసెసరు పేరును చివరి అక్షరం వరకు చదవండి. బోర్డు తయారీదారులు ప్రకటించే ప్రాసెసర్ల పట్టికలో ఆ పేరున్నదో లేదో, ఏ బయాస్ కావాలో చూచిన పిదపనే సొమ్ము చెల్లించండి. మన ప్రయోగశాలకు కంప్యూటర్లు కొనే సందర్భంలో కమిటీ పెద్దలు కూడా ఈ పరిశీలన జరిపించిన, కార్డుల ఖర్చు కలిసివచ్చి మరికొందరు విద్యార్థులకు కంప్యూటర్లు అందుతాయి.