నిఘంటువులు – ప్రజల పలుకుబడి

ఒక సమాజం ఏ మాటలను గౌరవించిందో దాని నిఘంటువులు తెలుపుతాయి. పూర్వపు తెలుగు నిఘంటువులు చాలావరకు పద్యరూపంలో, కంఠస్థం చేయడానికి వీలుగా, కావ్యపఠనం కోసం వెలసినవి. 1852లో సి.పి. బ్రౌన్ తన తెలుగు–ఇంగ్లీషు నిఘంటువులో కావ్యపదాలతోపాటు వాడుక మాటలకూ చోటిచ్చారు. 1936లో తొలి సంపుటం వెలువడిన సూర్యరాయాంధ్ర నిఘంటువు మాత్రం గ్రంథస్థమైన పదాలనే ప్రమాణంగా గ్రహించింది.

శ్రమజీవుల మాటలకు అందులో తగిన స్థానం దక్కలేదు. బెల్లానికి పేరుగాంచిన అనకాపల్లి సీమనే ఉదాహరణగా తీసుకోవచ్చు. అక్కడ చెరకును గానుగ ఆడి, రసాన్ని పెనంలో కాచి, పాకాన్ని దిమ్మలుగా పోస్తారు. ప్రతి పనికీ, ప్రతి పనిముట్టుకూ రైతు నోట ఒక పేరుంటుంది. కావ్యాలకెక్కని అలాంటి పేర్లు ఆ పనితోనే అంతరించే ప్రమాదం ఉంది.

ఈ లోటును ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తి గుర్తించారు. ఆయన ఆధ్వర్యంలో పల్లెపల్లెకూ వెళ్లి, రైతులనే అడిగి, పదాలను సేకరించారు. ఆ కృషి ఫలితంగా ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1962లో మాండలిక వృత్తిపదకోశం తొలి సంపుటాన్ని వ్యవసాయ పదాలతో ప్రచురించింది. 1971లో చేనేత పదాల సంపుటం వెలువడింది. ఈ కోశాలకు ప్రమాణం కావ్యం కాదు. రైతు మాట, నేతగాని మాట. యంత్రాల రాకతో వాడుక తప్పిన పనిముట్ల పేర్లు నేటి విద్యార్థికి ఆ పుటలలో లభిస్తాయి.