మాట తేటగా వినిపించే ఇయర్‌ఫోను

ఒకప్పుడు ఇంటిల్లిపాదీ ఒక్క రేడియో ముందు కూర్చొని వినేవాళ్లం. ఇప్పుడు ఇంట్లో నలుగురుంటే నాలుగు ఫోన్లు, నాలుగు జతల ఇయర్‌ఫోన్లు. పాఠాలు, పాటలు, వార్తలు, ఊళ్లో ఉన్న అమ్మమ్మతో కబుర్లు అన్నీ వాటిలోనే. హోసూరు, కృష్ణగిరి వంటి ప్రాంతాల్లో పెరిగే మన పిల్లలకైతే, బడి వదిలాక మంచి తెలుగు చెవిన పడేది చాలావరకు ఈ చిన్న పరికరంలోనుంచే. కాబట్టి రంగు, ధర చూసి కొనేసే వస్తువు కాదిది. చెవి లోపలికి అమర్చుకొనే ఇయర్‌ఫోన్లలో ధ్వని స్పష్టంగా, సమతూకంగా ఉన్నవాటిని ఎలా గుర్తించాలో ఈనాటి ప్రసంగంలో చెప్పుకుందాం.

సమతూకం అంటే ఏమిటి? మనిషి చెవి సుమారు 20 హెర్ట్జ్ నుంచి 20,000 హెర్ట్జ్ దాకా ఉన్న శబ్దాలను వినగలదు. వయసు పైబడేకొద్దీ ఆ పై హద్దు తగ్గుతూ వస్తుంది. ఈ మొత్తాన్ని మంద్రం, మధ్యం, తారం అని మూడు భాగాలు చేసుకుందాం. సంగీతంలోని స్థాయిల లెక్క వేరు, పేర్లు మాత్రం అరువు తెచ్చుకుంటున్నాం. డోలు మోత, మగగొంతులోని గంభీరత మంద్రం వైపు ఉంటాయి. అచ్చులను ఒకదాని నుంచి ఒకటి వేరుచేసే ధ్వని ఎక్కువగా 300 నుంచి 3,000 హెర్ట్జ్ మధ్య ఉంటుంది. 'స'కారంలోని సన్నని ఈల వంటి శబ్దం అంతకంటే పైన, తారం వైపు ఉంటుంది. ఈ మూడింటిలో ఏ ఒక్కటీ మిగతావాటిని మింగేయకుండా వినిపిస్తే ఆ ధ్వని సమతూకంగా ఉన్నట్టు.

పాట వినేవాళ్లకే కాదు, మాట వినేవాళ్లకూ ఇది ముఖ్యమే. 'సకలం' అంటే అంతా. 'శకలం' అంటే ముక్క. ఈ రెంటికీ తేడా చూపేది ఆ పై భాగపు ధ్వని. 'పాట', 'బాట' అనే మాటల మధ్య తేడాలోనేమో గొంతులోని నాదం, అంటే కింది భాగపు ధ్వని కూడా పనిచేస్తుంది. తమిళ లిపిలో ప, బ లకు ఒకటే అక్షరం. క, గ లకూ, త, ద లకూ అంతే. తమిళ మాధ్యమంలో చదివే తెలుగు పిల్లలకు ఈ తేడాలను నేర్పేది చెవే. కన్నడ, ఒడియా లిపుల్లో ఇవి వేరువేరు అక్షరాలే అయినా, ఉచ్చారణ పట్టుబడాలంటే అక్కడి పిల్లలకూ వినికిడే ఆధారం. డిక్టేషన్ చెప్పే ఉపాధ్యాయులందరికీ ఇది అనుభవమే: సరిగా వినని మాటను పిల్లవాడు సరిగా రాయలేడు.

ఇక చిక్కు ఎక్కడొస్తుందో చూద్దాం. అంగట్లో దొరికే చవకరకం ఇయర్‌ఫోన్లు చాలావాటిలో బేస్, అంటే మంద్రం, బాగా పెంచి ఉంటుంది. వినగానే గుమ్మని మోగుతుంది, బాగుందనిపిస్తుంది. అయితే గట్టి మంద్రధ్వని తనకంటే పైనున్న సన్నని ధ్వనులను కప్పేస్తుంది. మాటలు దుప్పటిలోనుంచి వస్తున్నట్టు ఉంటాయి. అవి అందక మనం వాల్యూం పెంచుతాం. దానితోపాటు మోతా పెరుగుతుంది. నష్టపోయేది చెవి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం పెద్దలు వారానికి 40 గంటలు వినాలంటే ధ్వని 80 డెసిబెళ్లు దాటకూడదు. పిల్లలకైతే 75 డెసిబెళ్లే. మూడు డెసిబెళ్లు పెరిగిన ప్రతిసారీ వినదగిన సమయం సగానికి పడిపోతుంది. 90 డెసిబెళ్ల దగ్గర అది వారానికి నాలుగు గంటలే. పెద్ద శబ్దంతో దెబ్బతిన్న లోచెవిలోని సూక్ష్మకణాలు తిరిగి మొలవవు. కనుక తక్కువ వాల్యూంలోనే మాట అర్థమయ్యే ఇయర్‌ఫోను చెవికి రక్షణ కూడా.

మంద్రం అసలు ఉండకూడదా అని మీరడగవచ్చు. ఉండాలి. అది లేకపోతే ధ్వని పలచబడి, రేకు డబ్బా మోగినట్టుంటుంది. మన చెవిగొట్టం పొడవు సుమారు రెండున్నర సెంటీమీటర్లు. బయటి శబ్దం లోపలికి వచ్చేటప్పుడు 3,000 హెర్ట్జ్ ప్రాంతంలోని ధ్వనిని అది సహజంగానే పెంచుతుంది. గొట్టానికి ఇయర్‌ఫోను బిగించామంటే ఆ సహజమైన పెంపు పోతుంది. ఆ లోటును తయారుచేసేవాళ్లే తగుపాళ్లలో పూడ్చాలి. తక్కువైతే మాట మసకబారుతుంది. ఎక్కువైతే 'స'కారం సూదిలా గుచ్చుతుంది. వినికిడి శాస్త్రజ్ఞుడు మీడ్ కిలియన్ 1983లో అమెరికాలో నెలకొల్పిన ఈటిమోటిక్ రీసెర్చ్ సంస్థ 1991లో తెచ్చిన ఇఆర్-4 ఇయర్‌ఫోను ఈ సూత్రాన్ని పాటించిన తొలి పరికరాల్లో ఒకటి.

అంగడికి వెళ్లాక పెట్టె మీది రాతలకు మోసపోకండి. '20 నుంచి 20,000 హెర్ట్జ్' అని దాదాపు అన్నిటి మీదా ఉంటుంది. ఏ భాగం ఎంత గట్టిగా వినిపిస్తుందో అది చెప్పదు. 'బ్యాలెన్స్‌డ్ ఆర్మేచర్' అన్న మాట ధ్వని పుట్టించే లోపలి యంత్రపు రకం పేరు. వినికిడి యంత్రాల్లోనూ దాన్ని వాడతారు. ధ్వని సమతూకంగా ఉందన్న హామీ కాదది. అయస్కాంతం, తీగచుట్ట, పలుచని పొర ఉన్న మామూలు 'డైనమిక్' రకంలోనూ చక్కని సమతూకం గలవి ఉన్నాయి.

అన్నిటికంటే ముందు చూడవలసింది అమరిక. పెట్టెలో సాధారణంగా చిన్నవి, మధ్యరకం, పెద్దవి అని మూడు కొలతల రబ్బరు టోపీలు ఇస్తారు. ఒక చేత్తో చెవిని కాస్త పైకి, వెనక్కు లాగి, రెండో చేత్తో ఇయర్‌ఫోను మెల్లగా అమర్చండి. మంద్రం దాదాపు మాయమైతే సందు మిగిలిందని అర్థం. పెద్ద టోపీ వేసి చూడండి. నొప్పి పుడితే చిన్నది వేయండి. కుడిచెవికి ఒక కొలత, ఎడమచెవికి ఒక కొలత పట్టినా ఆశ్చర్యం లేదు. అమరిక కుదరకపోతే వెయ్యి రూపాయలదైనా, పదివేలదైనా ఒకటే.

అమరిక కుదిరాక పరీక్ష పెట్టండి. ఫోనులో 'బేస్ బూస్ట్' వంటివి ఆపేయండి. మొదట తెలుగు వార్తలు తక్కువ వాల్యూంలో వినండి. ఊరి పేర్లు, అంకెలు తడుముకోకుండా అందాలి. ఆడగొంతు, మగగొంతు రెండూ సహజంగా ఉండాలి. తరువాత మీకు బాగా తెలిసిన కచేరీ ఒకటి పెట్టండి. తంబూరా శ్రుతి వెనుక నిలకడగా ఉండాలి. మృదంగంలో ఎడమవైపు గుంభనం, కుడివైపు టంకారం వేరువేరుగా తెలియాలి. వయొలిన్ గీరుకోకూడదు. రెండు ఇయర్‌ఫోన్లను పోల్చేటప్పుడు రెండింటి వాల్యూం సమానంగా పెట్టండి. కొంచెం గట్టిగా మోగేదే మేలైనదని మన చెవి పొరబడుతుంది. పావుగంట విన్నాక చెవి అలసిపోతే అది మీకు తగినది కాదు. అంగడివాళ్లు పెట్టె విప్పనంటే తెలిసినవాళ్ల దగ్గర అదే రకం అడిగి, టోపీలు శుభ్రంగా తుడిచి విని చూడండి.

వైరు ఉన్నదా, బ్లూటూత్‌దా? అదే ధరకు చాలాసార్లు వైరుదానిలోనే మెరుగైన ధ్వని దొరుకుతుంది, ఛార్జింగ్ బాధా ఉండదు. కాకపోతే మీ ఫోనుకు గుండ్రని రంధ్రం ఉందో లేదో ముందే చూసుకోండి. బస్సులో, రైల్లో ఎక్కువగా తిరిగేవారికి బయటి రొదను తగ్గించే సౌకర్యం ఉన్న బ్లూటూత్ ఉపయోగం. ఇంజను మోత తగ్గితే వాల్యూం పెంచే పని ఉండదు.

చివరగా కొన్ని జాగ్రత్తలు. వాల్యూం 60 శాతం దాటనీయకండి. రోడ్డు దాటేటప్పుడు, బండి నడిపేటప్పుడు వాడకండి. టోపీలను తరచు తుడవండి, ఒకరివి ఒకరు పెట్టుకోకండి. చెవిలో గింగురుమన్నా, నొప్పి, చీము ఉన్నా వాడకం ఆపి వైద్యుణ్ణి చూడండి. పిల్లలకు కొనిచ్చేముందు ఐదు నిమిషాలు మీరే పెట్టుకొని వినండి. తక్కువ వాల్యూంలో 'సకలం', 'శకలం' మీకు వేరువేరుగా వినిపిస్తే, ఆ ఇయర్‌ఫోను ధైర్యంగా పిల్లవాడి చేతికి ఇవ్వవచ్చు.