పిల్లి అరుపు

వంటింట్లో గిన్నె చప్పుడైతే చాలు, పెంపుడుపిల్లి పరుగున వస్తుంది. తోక నిక్కించి, కాళ్లకు ఒళ్లు రాసుకుంటూ "మ్యావ్, మ్యావ్" అని అరుస్తుంది. అది తిని అరగంట కూడా కాలేదని మనకు తెలుసు. అయినా జాలిపడి ఇంత అన్నం పెడతాం. తిని వెళ్లి పడుకుంటుంది, కాసేపటికి మళ్లీ వస్తుంది. తెల్లవారుజామున నాలుగు గంటలకే మంచం పక్కన చేరి ఇంటిల్లిపాదినీ లేపే పిల్లులు కూడా ఉన్నాయి. ఈ జంతువును కన్నడిగులు బెక్కు అంటారు, తమిళులు పూనై అంటారు, మరాఠీవారు మాంజర్ అంటారు, ఒడియావారు బిలేఇ అంటారు. పేరేదైనా అరుపు ఒక్కటే. ఆ అరుపుకు అర్థం మాత్రం ఎప్పుడూ ఆకలే కాదు.

పెద్ద పిల్లులు ఒకదానితో ఒకటి "మ్యావ్" అనడం చాలా అరుదు. పోట్లాటలో బుస కొడతాయి, గుర్రుమంటాయి, అంతే. మ్యావ్ అనేది కూనలు తల్లిని పిలిచే పిలుపు. పెరిగిన తరువాత పిల్లి ఆ పిలుపును మనుషుల కోసం అట్టిపెట్టుకుంటుంది. 2009లో ఇంగ్లండులోని ససెక్స్ విశ్వవిద్యాలయానికి చెందిన కారెన్ మెకోంబ్, ఆమె సహచరులు మరొక సంగతి కనిపెట్టారు. పిల్లి గొంతులో గురగురమనే శబ్దం చేస్తుంది కదా! తిండి అడిగేటప్పుడు కొన్ని పిల్లులు ఆ గురగురలో ఏడుపు వంటి సన్నని ధ్వనిని కలుపుతాయి. ఆ శబ్దాలను రికార్డు చేసి వినిపిస్తే, ఎన్నడూ పిల్లిని పెంచనివారు కూడా అందులో ఏదో ఆత్రం ఉన్నదని గుర్తించారు. కనుక పిల్లి అరుపు వినలేక లేచి అన్నం పెట్టేవారిని మనం తప్పుపట్టనక్కరలేదు.

తెనాలి రామకృష్ణుని పిల్లి కథ మీరు వినే ఉంటారు. ఎలుకల బెడద తీర్చడానికి రాయలవారు పిల్లులను పంచి, వాటికి పాలు పోయమని ఆవులను కూడా ఇచ్చారట. రామకృష్ణుడు పొగలు కక్కే పాలు పెట్టాడు. మూతి కాలిన ఆ పిల్లి తరువాత పాలగిన్నెను చూస్తేనే పారిపోయేదట. నవ్వుకోవడానికి కథ బాగుంది గాని, ఏ ప్రాణినీ అట్లా బాధపెట్టరాదు. ఒక్క అనుభవంతో గిన్నెకు దూరం కావడం నేర్చిన పిల్లి, పది అనుభవాలతో గిన్నెను రప్పించుకోవడం నేర్చుకోదా?

దీనిని ప్రయోగం చేసి చూసినవాడు అమెరికా శాస్త్రజ్ఞుడు ఎడ్వర్డ్ థార్న్‌డైక్. 1898లో ప్రచురించిన తన పరిశోధనలో ఆయన ఆకలిగొన్న పిల్లిని కొయ్యపెట్టెలో ఉంచి, బయట ఆహారం పెట్టిన ప్రయోగాలను వివరించాడు. లోపలి తాడును లాగితే తలుపు తెరుచుకుంటుంది. పిల్లి గీరింది, కరిచింది, అటూ ఇటూ దూకింది. అనుకోకుండా పంజా తాడుకు తగిలి తలుపు తెరుచుకుంది. మళ్లీ మళ్లీ పెట్టెలో ఉంచేకొద్దీ బయటపడే సమయం తగ్గుతూ వచ్చింది. చివరకు లోపల పెట్టగానే తాడు లాగసాగింది. ఫలితమిచ్చిన పని నిలిచింది, ఇవ్వని పనులు రాలిపోయాయి. మన వంటింట్లో జరిగేదీ ఇదే. అక్కడ అరుపే తాడు.

అయితే అరిచే పిల్లి నిజంగానే ఆకలితో ఉండవచ్చు. ఈ సంగతి ముందుగా తేల్చుకోవాలి. పిల్లి మాంసాహారి. టారిన్ అనే పదార్థాన్ని కుక్క తన శరీరంలో తయారుచేసుకోగలదు, పిల్లి చాలినంతగా చేసుకోలేదు. మాంసం, చేపల నుంచే పొందాలి. అది లోపిస్తే పిల్లి చూపు దెబ్బతింటుంది. గుండె కండరం కూడా బలహీనపడుతుందని 1987లో తెలిసింది. ఎలుకలు పట్టే పిల్లికి ఆ లోటు కొంత తీరుతుంది. మేడమీద వాటాలో తలుపులు మూసి పెంచే పిల్లికి రోజూ పెరుగన్నమే పెడితే కడుపు నిండుతుంది గాని ఒంటికి కావలసింది అందదు. అది అరవక ఏం చేస్తుంది? పాలూ అంతే. చాలా పెద్ద పిల్లులకు పాలు సరిగా అరగవు. ముల్లు తీసిన చేపను విడిగా ఉడికించి పెట్టాలి. కూరలోని ముక్క పెట్టరాదు, ఉల్లి, వెల్లుల్లి పిల్లికి విషంతో సమానం. కడుపులో పురుగులున్నా, చూలుతో ఉన్నా, కూనలకు పాలిస్తున్నా ఆకలి పెరుగుతుంది. ముసలి పిల్లి ఎంత తిన్నా చిక్కిపోతుంటే, నీళ్లు ఎక్కువగా తాగుతుంటే మధుమేహమో, థైరాయిడ్ జబ్బో కావచ్చు. అప్పుడు పశువుల ఆసుపత్రికి తీసుకుపోవాలి.

ఇవేవీ లేవని తేలితే, మార్చవలసింది మన అలవాటును. ఒక చిట్టెలుకలో సుమారు 30 కెలోరీలు ఉంటాయి. పెద్ద పిల్లికి రోజుకు 200 నుంచి 250 వరకు కావాలి. అంటే అది పుట్టుకతోనే కొద్దికొద్దిగా పలుమార్లు తినే జంతువు. రోజు మొత్తం తిండిని ఒకేచోట కొలిచి, నాలుగు భాగాలు చేసి, వేళ తప్పకుండా పెట్టాలి. అరుపు ఆగిన తరువాతనే గిన్నె దించాలి.

పిల్లి శాపాలకు ఉట్లు తెగవని సామెత. ఉట్టి ఎన్నడూ తెగి పడదు కనుక దాని కింద కూర్చుని అరిచి లాభం లేదు. మనం ఉట్టివలె ఉండలేం, అదే చిక్కు. పెట్టడం మానిన మొదటి రోజుల్లో అరుపు తగ్గదు సరికదా, పెరుగుతుంది. మూడవనాడు విసిగి ఒక ముక్క వేశామా, మూడు రోజులు అరిస్తే దొరుకుతుందని పిల్లి నేర్చుకుంటుంది. ఇంట్లో నలుగురు గట్టిగా ఉండి, నాయనమ్మ ఒక్కతే కొంగు చాటున పెట్టినా ఫలితం అంతే. అందుచేత ముందుగా నాయనమ్మను ఒప్పించుకోవాలి. కొట్టడం, తిండి పూర్తిగా మాన్పించడం కూడదు. లావెక్కిన పిల్లి కొద్ది రోజులు పస్తుంటే కాలేయంలో కొవ్వు పేరుకొని ప్రాణం మీదికి వస్తుంది.

తెల్లవారుజామున లేపే పిల్లికి రాత్రి పడుకోబోయే ముందు తాడుముక్కతో కాసేపు ఆటాడించి, చివరి భాగం పెట్టాలి. పొద్దున లేచిన వెంటనే గిన్నె ముట్టరాదు. ముఖం కడుక్కొని, వాకిలి ఊడ్చి, నీళ్లు పట్టుకున్న తరువాత పెట్టాలి. అప్పుడు మనల్ని లేపడానికీ తిండి దొరకడానికీ సంబంధం లేదని పిల్లికి కొన్నాళ్లకు తెలిసివస్తుంది.